జారాల్సిన చక్రం

ఉత్తరం వచ్చింది మామయ్య పేరు మీద. చదివి ఒళ్ళు మండించుకున్నది మాత్రం నేను.

పాత కార్ల సంఘం వాళ్ళ ఉత్తరం అది. నున్నటి కాగితం, పైన బంగారు రంగులో కారు బొమ్మ. కళ్ళజోళ్ళ వ్యాపారిగారి ఆరు సిలిండర్ల బండిలో క్రాంక్ షాఫ్టు విరగడానికి కారణం, దాని ముందున్న డాంపరులో మీరు వేసిన కాలం చెల్లిన లైనింగు జారిపోవడమేనని మా సాంకేతిక సలహాదారు తేల్చారు, అని రాశారు. ఆదివారం ఉదయం పదింటికి కార్యవర్గం ముందుకొచ్చి చెప్పుకునేది ఏమైనా ఉంటే చెప్పుకోవచ్చట. లేకపోతే సంఘం ఆమోదించిన మెకానిక్కుల జాబితాలోంచి పేరు తీసేస్తారట.

జారిపోయిందట. ఆ ఒక్క మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది జారకపోతే ఇంకెందుకు పెట్టినట్టు?

ఈ సంగతి తెలియనివాళ్ళకి చెప్పొచ్చు, తెలుసనుకునేవాళ్ళకే చెప్పలేం. ఆ కాలపు ఆరు సిలిండర్ల ఇంజన్లలో, పిస్టన్లు తిప్పే ఈ క్రాంక్ షాఫ్టు చాలా పొడుగు. ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా అది, తడిబట్ట పిండినట్టు, వెంట్రుకవాసి మెలిపడి మళ్ళీ వెనక్కి విడుతుంది. ఏదో ఒక వేగం దగ్గర ఆ మెలికా, ఆ పేలుడూ ఒకదానికొకటి తోడైపోతాయి. అప్పుడు షాఫ్టు లోలోపల వణుకుతుంది. అలా వణికి వణికి ఒకరోజు పుటుక్కుమంటుంది. అందుకని దాని ముందు కొసన ఒక బరువైన ఇనప చక్రం పెడతారు, అదే డాంపరు. గట్టిగా బిగించరు, రెండు లైనింగు బిళ్ళల మధ్య స్ప్రింగులతో అదిమి పెడతారు. షాఫ్టు వణికినప్పుడు ఆ బరువు చక్రం దాని వెంట పోనంటుంది. మధ్యలో లైనింగు రాసుకుని కాస్త జారుతుంది. ఆ రాపిడిలో వణుకు వేడిగా మారి పోతుంది. వదులైతే చక్రం ఊరికే తిరుగుతుంది. మరీ బిగిస్తే షాఫ్టూ చక్రమూ ఒకే ముద్దయిపోయి, ఉన్నా లేనట్టే. మధ్యలో ఎక్కడో ఉంది అసలు పని. ఆ మధ్య ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు నాకు తెలిసి మా మామయ్య ఒక్కరే.

లైనింగు దేనితో చెయ్యాలన్నది తేల్చుకోవడానికే ఆయనకి పదేళ్ళు పట్టింది. తోలు వేసి చూశారు, వేడికి ఎండి అట్టముక్క అయింది. ఉన్ని వేశారు, మాడింది. బెండు వేశారు, పొడైపోయింది. పాత బ్రేకు లైనింగుల్లో ఉండే ఆస్బెస్టాస్ తెల్లపీచు ఊపిరితిత్తులకి చేటని, దాన్ని గుమ్మంలోకే రానివ్వలేదు. ఇప్పటి బ్రేకు లైనింగులు వేసి చూస్తే అవి పట్టుకుంటే పట్టుకున్నట్టే, వదిలితే ఒక్కసారిగా వదలడమే, మెత్తగా జారడం వాటికి చేతకాదు. ఆఖరికి దళసరి నూలుపట్టీని అవిసె నూనెలో నానబెట్టి, పొయ్యి మీద పెనం మీద సన్నసెగన కాల్చి తయారుచేసిందే నిలబడింది. పదహారేళ్ళుగా ఆ పట్టీలు నానబెట్టేది, కాల్చేది, కోసేది, రాగి రివెట్లు కొట్టేది నేను. పెళ్ళై వచ్చిన ఏడాదికే ఈ బల్ల ముందు కూర్చున్నాను. మా ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం చేస్తారు. ఇనుమంటే ఆయనకీ ఇష్టమే, నూనె మరకలంటేనే పడదు.

చెప్పవలసింది ఇంకొకటి ఉంది. మామయ్యకి వినపడదు.

అయిదేళ్ళ కిందట మొదలైంది, రెండేళ్ళకి పూర్తిగా పోయింది. మిషను పెట్టుకోమంటే అది పెట్టుకుంటే అన్ని చప్పుళ్ళూ ఒకేలా ఉన్నాయని డబ్బాలో పెట్టేశారు. ఈ సంగతి నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా వస్తే నేను ఆయనకి ఎదురుగా నిలబడి, వాళ్ళన్న మాటనే ప్రశ్నలాగా తిప్పి అడుగుతాను. ఆయన నా పెదాలు చూసి జవాబు చెబుతారు. "మీ కోడలికి ప్రతిదీ రెండుసార్లు చెప్పాలండీ" అని ఒకాయన జాలి కూడా పడ్డాడు. పడనీ అనుకున్నాను.

ఇంజను దగ్గర ఇంకో పద్ధతి. బల్ల మీద ఉన్నప్పుడు డాంపరు చక్రం చుట్టూ తాడు చుట్టి, దాని కొసకి తూకం వేసే స్ప్రింగు కాటా తగిలించి లాగుతాం. పదకొండు కిలోల దగ్గర చక్రం జారడం మొదలవ్వాలి. కానీ బండిలో బిగించాక, ఇంజను వేడెక్కాక, ఆఖరి సర్దుబాటు చెవితో చెయ్యాలి. సరైన వేగం రాగానే చక్రం జారుతూ, నిద్రలో ఉన్న పిల్లిలా గుర్రుమంటుంది. అది నేను వింటాను, విని వేలెత్తుతాను. ఆయన బండి చట్రం మీద అరచెయ్యి ఆనించి ఉంటారు. నా వేలూ ఆయన అరచెయ్యీ ఒకే మాట చెబితే నట్లు తిరిగిపోకుండా తాళం వేస్తారు. నేను లేకుండా ఆయన ఏ డాంపరునీ ముట్టుకోరు. అలాగని నేను అనుకున్నాను.

ఉత్తరం చదివి ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ అంతా చెప్పాను. ఆయన ఆకురాయితో ఏదో అరగదీస్తూ విన్నారు. విన్నారంటే, చూశారు.

"ఆ బండి నేను లేనప్పుడు ఎవరైనా తెచ్చారా మామయ్యా?" అని అడిగాను. రెండు నెలల కిందట అమ్మకి కంటి ఆపరేషనని పది రోజులు వెళ్ళాను.

"ఏమో. చాలామంది వస్తుంటారు" అని మళ్ళీ ఆకురాయి అందుకున్నారు.

నాకు కథ అప్పుడే అర్థమైపోయింది అనుకున్నాను. ఆ కళ్ళజోళ్ళాయనకి మొదటినుంచీ ఆ గుర్రు అంటే పడదు. "పక్కన పెద్దపెద్దవాళ్ళు కూర్చుంటారమ్మా, బండికి జబ్బు చేసిందనుకుంటారు" అని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నేను నచ్చజెప్పి పంపించాను. ఆ చప్పుడు వినపడినంత కాలం మీ షాఫ్టు క్షేమం సార్, అని కూడా చెప్పాను. గోడకి చెప్పుకున్నా బాగుండేది. నేను లేని పది రోజుల్లో ఇంకెవరి దగ్గరికో తీసుకెళ్ళి ఏదో చేయించి ఉంటాడు, విరిగాక నెపం మామీదికి తోస్తున్నాడు. ఇంతకంటే సాక్ష్యం నాకేమీ అక్కర్లేకపోయింది.

ఆ నాలుగు రోజులూ నేను ఇంట్లో ఎవరినీ నిలవనివ్వలేదు. గిన్నెలు తోముతూ ఆ కార్యవర్గాన్ని తిట్టాను. పట్టీలు కోస్తూ సలహాదారుణ్ణి తిట్టాను. "నువ్వు ఇంట్లోనే తిట్టేస్తే ఆదివారానికి ఏం మిగులుతుంది?" అన్నారు మా ఆయన. ఆయన్నీ తిట్టాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఆ జాబితాలో పేరు అంటే ఏమిటో వీళ్ళకేం తెలుసు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా మీద నూనె మరకల కోటు తొడుక్కుని, పదడుగుల దూరంలో ఉన్న బల్ల దగ్గరికి ఆఫీసుకి వెళ్ళినట్టు వెళ్ళే మనిషి ఆయన. సంఘం బళ్ళు తప్ప ఆయనకి వేరే పని రాదు, వేరే పని లేదు. అది పోతే ఆ గడ్డం ఎవరికోసం గీసుకోవాలి?

మామయ్య మాత్రం చేతిలో పని పక్కన పెట్టేసేవారు. నేను తిడుతున్నప్పుడల్లా తలెత్తి నన్ను చూస్తూ కూర్చునేవారు.

ఆదివారం పదింటికి సంఘం షెడ్డుకి వెళ్ళాం. పొడుగాటి రేకుల షెడ్డు, నేల అద్దంలా తుడిచి ఉంది. మైనం రాసిన బళ్ళు గోడవారగా వరసగా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో ఒక బల్ల, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద రెండు ముక్కలైన క్రాంక్ షాఫ్టు. చివరి బేరింగు దగ్గర విరిగింది. విరిగినచోట సగం నల్లగా, సగం తళతళలాడుతూ ఉంది. అంటే చాలా రోజులుగా లోపల చీలుతూ వచ్చి, ఆఖర్న తెగిందన్నమాట. ముందు ముక్కకి మా డాంపరు ఇంకా బిగించే ఉంది, దాని మీద రేకు మూత కూడా తియ్యలేదు.

అంటే దాన్ని విప్పి కూడా చూడలేదు. చూడకుండానే మనిషికి ఉత్తరం రాశారు.

బల్ల వెనక అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, మనిషి మెతక. ఆయన పక్కన సాంకేతిక సలహాదారు, ఏదో పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. కడిగిన చేతులు, జేబులో మూడు పెన్నులు. అటు కొసన పళ్ళ డాక్టరమ్మ. ఆమెకీ ఆరు సిలిండర్ల బండే ఉంది, వాళ్ళ నాన్నగారిది. కళ్ళజోళ్ళాయన సంఘానికి ఉపాధ్యక్షుడు కూడా, వేరే కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మాకు స్టూళ్ళు వేశారు.

ఇంజనీరు లేచి నివేదిక చదివాడు. నూలుతో చేసిన లైనింగు ఇప్పటి ప్రమాణాలకి సరిపోదని, పట్టు చాలక జారుతోందని, సంఘంలోని అన్ని బళ్ళకీ దాన్ని తీసేసి గట్టి బ్రేకు లైనింగు వేయించాలని సారాంశం. "ఈ రోజుల్లో ఇంటి పొయ్యి మీద కాల్చిన గుడ్డముక్కలు ఇంజన్లో పెట్టడం" అని ఒక క్షణం ఆగాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ పొయ్యి నాది. నేను లేచాను.

"ఆ మూత విప్పి చూశారా సార్?" అన్నాను.

"అవసరం లేదమ్మా. కారణం స్పష్టంగా ఉంది."

"జారిందన్నారు కదా. ఎంత బరువుకి జారిందో కొలిచారా?"

"కొలవడమంటే..."

"తాడూ కాటా ఉంటే చాలు. రెండూ నా సంచిలో ఉన్నాయి."

మామయ్య నా సంచి పట్టుకుని లాగారు. "పోదాం పద అమ్మాయ్. వద్దులే" అన్నారు మెల్లగా. పెద్దవాళ్ళ ముందు తల వంచుకుని పోవడం ఆయనకి అలవాటు, జీవితమంతా అదే చేశారు, నోట్లో నాలుక లేని మనిషి. నాకు ఆయన మీద కూడా చిరాకేసింది. "మీరు కూర్చోండి మామయ్యా" అని సంచి విడిపించుకున్నాను.

"నలభై ఏళ్ళుగా మీ బళ్ళు నడిపించిన మనిషిని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టారు" అన్నాను అధ్యక్షుడితో. "కనీసం ఆయన పని విప్పి చూసి తిట్టండి. చూడకుండా తిట్టడానికి చదువెందుకు?"

హెడ్మాస్టరుగారు ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు భుజాలెగరేశాడు. డాక్టరమ్మ మాత్రం, "విప్పితే పోయేదేముంది, చూద్దాం" అంది.

షాఫ్టు ముక్కని షెడ్డు మూలనున్న పనిబల్ల వైసులో బిగించాను. రేకు మూత కింది అంచుకి కోసిన కంత ఉంటుంది, అందులోంచి చక్రం అంచు అందుతుంది. తాడు చుట్టాను. కాటా కొక్కెం తగిలించి ఇంజనీరు చేతికే ఇచ్చాను.

"మీరే లాగండి సార్. పదకొండు దగ్గర జారాలి. అంతకంటే ముందే జారితే మీరు రాసింది నిజం, నేను ఇక్కడే మీకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను."

లాగాడు. ముల్లు పది దాటింది, పదకొండు దాటింది, పదిహేను దాటింది. చక్రం కదల్లేదు. కాలు బల్లకి తన్నిపెట్టి లాగాడు. ముల్లు ఇరవై అయిదు దగ్గర కొసకి కొట్టుకుని ఆగిపోయింది. చక్రం రాయిలా ఉంది.

ఇంజనీరు కాటా చూశాడు, చక్రం చూశాడు, తన నివేదిక చూసుకున్నాడు. ఆ మాట చెప్పాలి, అతను మొండివాడు కాదు. "ఇది జారలేదు" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "అసలు జారనేలేదు. జారకపోవడం వల్లే విరిగింది. నేను రాసింది తలకిందులు."

నాలుగు రోజులుగా ఇంట్లో తిట్టిందంతా అప్పుడు అక్కడ నా నోట్లోంచి వచ్చింది.

"విన్నారా? మా లైనింగు బాగానే ఉంది. ఎవరో ఆ స్ప్రింగుల్ని గొంతుదాకా బిగించేశారు. ఈ బండిని నేను ఊళ్ళో లేనప్పుడు ఎవరికో చూపించారు. డాంపరంటే ఏంటో తెలియని చేతకానివాడెవడో దీని మీద చెయ్యి వేశాడు. వాడెవడో వాడికి జన్మలో ఇంకో ఇంజను ముట్టుకునే అర్హత లేదు." ఇదంతా మామయ్య వైపు తిరిగి అన్నాను. ఆయనకి అర్థం కావాలని, ఆయన తల ఎత్తుకోవాలని, ఒక్కో మాటా పెదాలతో తీర్చిదిద్ది మరీ అన్నాను.

ఆయన చివరిదాకా నా పెదాలు చూసి, తల దించుకున్నారు.

రేకు మూత విప్పాను. లోపల ఆరు నట్లు, ఒక్కోదాని కింద తాళం రేకు. నట్టు తిరిగిపోకుండా ఆ రేకు అంచుని పైకి మడుస్తారు. అందరూ సుత్తీ ఉలీ పెట్టి ఒక్క దెబ్బతో మడిచేస్తారు. మామయ్య మడవరు. ఇత్తడి కడ్డీతో మెల్లగా రెండు దెబ్బలు, పక్కపక్కన, రేకు చిట్లకుండా. బియ్యపు గింజల్లా రెండు నొక్కులు పడతాయి. ఈ లోకంలో అలా మడిచే మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు.

ఆరు రేకులకీ రెండేసి నొక్కులున్నాయి. కొత్త రేకులు. నేను ఊరు వెళ్ళేముందు ఆ బండికి ఉన్నవి పాతవి.

నా చేతులు ఆగిపోయాయి. నోరు కూడా ఆగిపోయింది, అది నాకు అంత తేలిగ్గా జరిగే పని కాదు. మూత మళ్ళీ పెట్టేస్తే ఎవరికీ తెలియదు, ఆ నొక్కులు చదవగలిగినవాళ్ళు ఆ షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. మూత చేతిలో పట్టుకునే ఉన్నాను.

"ఏమైందమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు. "ఎవరు బిగించారో తెలుస్తుందా?"

మామయ్య స్టూలు మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చారు. అందరి మొహాలూ చూశారు. "ఏమంటున్నారు అమ్మాయ్?" అని నన్ను అడిగారు, అందరి ముందూ, మామూలుగా. మూడేళ్ళలో ఆయన బయట అలా అడగడం అదే మొదటిసారి.

నేను చెప్పాను. ఎవరు బిగించారని అడుగుతున్నారు, అని. పెదాలు కదిపాను అంతే.

"నేనేనండీ" అన్నారు ఆయన వాళ్ళవైపు తిరిగి. వినపడనివాళ్ళ గొంతు ఒక్కోసారి ఉండవలసినదానికంటే గట్టిగా వస్తుంది. షెడ్డంతా వినపడింది. "మా కోడలు ఊళ్ళో లేదు. ఈయన బండి తెచ్చారు. చప్పుడు వస్తోంది, పోవాలన్నారు. నాకు చెవులు వినపడవండీ, మూడేళ్ళయింది. ఈయన సీట్లో కూర్చుని, ఇంకా వస్తోందని వేలు చూపించినప్పుడల్లా పావు చుట్టు బిగించాను. మధ్యలో చట్రం మీద చెయ్యి పెట్టి చూశాను. వణుకు లేదు. వణుకు లేదంటే డాంపరు పని చేస్తోందనే కదా అనుకుంటాం. ఈయన వేలు దించాక తాళం వేశాను. షాఫ్టు విరిగిందని తెలిశాక ఒకసారి ఇక్కడికి వచ్చి చూసుకున్నాను. ఇంజను కాళ్ళ కింద రబ్బరు దిమ్మెలు వేయించారు. అందుకే వణుకు నా చేతిదాకా రాలేదు. కింద చూసుకోవలసింది నేనే. చూసుకోలేదు."

కళ్ళజోళ్ళాయన కాలు మీంచి కాలు తీశాడు. చుట్టూ చూసి నవ్వాడు. "చూశారా? ఇన్నాళ్ళూ మన ఇంజన్ల చప్పుడు విని బాగుచేస్తున్నది చెవిటి మనిషన్నమాట" అన్నాడు.

ఆ నవ్వుకి నాకు మళ్ళీ నోరొచ్చింది.

"అవును సార్. ఆయనకి వినపడదు. మీకు వినపడుతుంది కదా" అన్నాను. "ఆ చప్పుడు ఉంటేనే షాఫ్టు బతుకుతుందని మీకు మూడుసార్లు చెప్పాను. రెండు చెవులతో విన్నారు. విని, నేను లేని రోజు చూసుకుని వచ్చి, వినపడని మనిషి ముందు కూర్చుని ఇంకా, ఇంకా అని వేలు చూపించారు. చెవి పోయాక ఆయన అరచేతితో వినేవారు. ఆ చేతికి కూడా అందకుండా కింద రబ్బరు వేయించారు, వేయించి ఒక్క మాట చెప్పలేదు. తెలిసి చెడగొట్టింది మీరు. తెలియక చెడగొట్టింది ఆయన. ఆయన లేచి నిలబడి ఒప్పుకున్నారు. మీరు కూర్చుని నవ్వుతున్నారు."

ఆయన నవ్వు ఆపాడు. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

మామయ్య నా భుజం మీద చెయ్యి వేశారు. నేనేమంటున్నానో ఆయనకి తెలియదు, నా వీపు ఆయన వైపు ఉంది. ఆయన చూస్తున్నది డాక్టరమ్మ వైపు. "అమ్మా, మీ బండి కూడా ఆ వారంలోనే నా దగ్గరికి వచ్చింది" అన్నారు. "దీనికి చప్పుడు పోయిందని విని మీ డ్రైవరు తెచ్చాడు. అదీ ఇలాగే బిగించాను. మీరు పిల్లల్ని ఎక్కించుకుని కొండ మీదికి వెళ్తుంటారు. బండి బయటికి తియ్యకండి. మా కోడలు వచ్చి వదులుచేసేదాకా దాన్ని అసలు తియ్యకండి."

డాక్టరమ్మ ఫోను తీసుకుని బయటికి నడిచింది. ఆ ఉదయమే వాళ్ళాయన పిల్లలతో బయలుదేరబోతున్నాడని తర్వాత తెలిసింది. గేటు దగ్గర ఆగిపోయారు.

ఆ తర్వాత పెద్దగా ఏమీ లేదు. ఇంజనీరు తన నివేదికని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నూలు లైనింగు ఎలా చేస్తారో వచ్చి చూస్తానన్నాడు, రమ్మన్నాను. హెడ్మాస్టరుగారు జాబితా తీసి ముందు పెట్టుకుని, పెన్ను పట్టుకుని, కొట్టకుండా కూర్చున్నారు. "కొట్టెయ్యండి సార్. నాకు వినపడదు" అన్నారు మామయ్య. హెడ్మాస్టరుగారు గీత గీశారు. సన్నటి గీత, స్కేలు పెట్టి మరీ గీశారు.

ఆ గీత ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. పని చేసేవాళ్ళ పేర్లకే జాబితా ఉంటుంది. చప్పుడు వద్దని వేలు చూపించేవాళ్ళ పేర్లకి జాబితా ఉండదు, అందుకని వాళ్ళ పేరు ఎవరూ కొట్టెయ్యలేరు. కళ్ళజోళ్ళాయన ఆ సంఘంలో ఇప్పటికీ ఉపాధ్యక్షుడే.

బస్సులో మామయ్య కిటికీ పక్కన కూర్చున్నారు. నేను ఆయన వైపు తిరిగి, "నాతో ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. చుట్టూ జనం ఉన్నా గొంతు తగ్గించలేదు. "నాలుగు రోజులు నన్ను అలా అరవనిచ్చారు. అక్కడ అందరి ముందూ నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను."

"చేతకానివాడన్నావు" అన్నారాయన. "అందరి పెదాల కంటే నీ పెదాలే నాకు బాగా తెలుస్తాయి."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా పోలేదు. "మరెందుకు చెప్పలేదు?" అని మళ్ళీ అడిగాను.

ఆయన తన అరచేతులు చూసుకున్నారు.

"బుధవారమే చెప్పేద్దామనుకున్నాను" అన్నారు. "నువ్వు ఆ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ వాళ్ళని తిడుతున్నావు. నా కోసం అంత కోపం తెచ్చుకున్నవాళ్ళు నాకు ఎప్పుడూ లేరు అమ్మాయ్. ఇంకొక్క రోజు చూద్దామనిపించింది. మర్నాడూ అలాగే అనిపించింది."